అత్తమ్మ మోకాలి ఫిల్ము

రేపు పొద్దున మా చిన్నదానికి ఛాతీ ఎక్స్-రే తీయాలి. నెలరోజులుగా దగ్గు తగ్గడం లేదు. పిల్లల డాక్టరు చీటీ రాసిస్తూ, భయపడాల్సిందేమీ లేదమ్మా అన్నారు. ఎవరైనా ఆ మాట అన్నారంటే నాకు భయం అక్కడే మొదలవుతుంది. పిల్లలిద్దరూ నిద్రపోయారు. నాకు పట్టక ఈ నోటుబుక్కు తీశాను. నాలుగేళ్ల కిందట, ఇది ఇంకా నా కడుపులో ఉండగానే, ఒక ఎక్స్-రే కారణంగా దీన్ని పోగొట్టుకోబోయాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాసుకోలేదు.

మా ఆయన మిర్యాలగూడలో ఒక నర్సింగ్ హోములో ఎక్స్-రే టెక్నీషియన్. నేను సూర్యాపేటలో బీయస్సీ చదివాను. చదివింది ఫిజిక్సే అయినా, పెళ్లయిన కొత్తలో ఆయన జేబుకు ఉన్న బ్యాడ్జిని చూసి ఏ యూనియన్ వాళ్ళదో అనుకున్నాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ప్లాస్టిక్ డబ్బాలో ఒక సన్నటి రేకు, రేకులో మూడు గుండ్రటి బిళ్ళలు. బట్టలకు తగిలించుకోవడానికి మొసలి నోరులా పళ్ళున్న క్లిప్పు. పనిచేసే మనిషికి ఎక్స్-రేలు ఎంత తగిలాయో ఆ బిళ్ళలు గుర్తుపెట్టుకుంటాయట. మూడు నెలలకొకసారి వాటిని పోస్టులో పంపితే, లాబొరేటరీ వాళ్ళు వేడిచేసి, అప్పుడు బిళ్ళల్లోంచి వచ్చే వెలుగును కొలిచి, లెక్కకట్టి కాగితం పంపుతారు. ఆ కాగితంలో ఆయన వరుసలో ఎప్పుడూ సున్నాయే ఉండేది.

ఇదంతా వాళ్ళమ్మకు విడమరిచి చెప్పే ఓపిక ఆయనకు లేకపోయింది. అత్తమ్మకు కొడుకు చేసే పనంటే మొదటినుంచీ బెంగ.

"కంటికి కానరాని మంట అంటరు గద కొడుకా, గది నీకు తగలదా?" అని ఒకరోజు అడిగింది.

"ఇగో, ఈ బిళ్ళ ఉన్నది గదనే అమ్మా. అంత ఇదే సూసుకుంటది" అని నవ్వి చెప్పులేసుకున్నారు ఆయన.

అంతే. ఆరోజు నుంచి అత్తమ్మ లెక్కలో అది తాయెత్తు. కొడుకు అన్నం డబ్బా మరిచిపోతే ఊరుకునేది గానీ, బ్యాడ్జి మరిచిపోతే గేటుదాకా పరుగెత్తేది. రెండుసార్లు అది చొక్కాతోపాటు చాకలిమూటలోకి వెళ్ళబోయింది. దాంతో ఆయన దాన్ని ఇంటికి తేవడం మానేసి, ఎక్స్-రే గదిలో వేసుకునే సీసపు ఏప్రాన్ లోపలివైపు తగిలించి అక్కడే ఉంచడం మొదలుపెట్టారు.

నాలుగేళ్ల కిందటి చలికాలంలో ఒక మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తీసుకుని నర్సింగ్ హోముకు వెళ్ళాను. ఎక్స్-రే గది ముందు ఒకటే గొడవ. వేములపల్లి అవతల ఏదో తండా నుంచి వచ్చిన ఆమె రెండేళ్ల కూతుర్ని పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల మంచం మీంచి పడి మోచెయ్యి వాచింది. గదిలోకి తీసుకెళ్తే చాలు, ఒంటిని విల్లులా వంచేసి ఏడుస్తోంది. తల్లి వాళ్ళ భాషలో ఏదో పాడుతూ ఊరడిస్తోంది. ఆమెకు ఎనిమిదో నెలో తొమ్మిదో నెలో.

"నువ్వు లోపలికి రావొద్దమ్మా, కడుపుతోటి ఉన్నవ్" అంటున్నారు మా ఆయన.

"నేను లేకుంటె ఇది నిలువదు సారూ. దీని నాయిన సాగరుకు పనికి పోయిండు. ఇంకెవరున్నరు నాకు?"

"నేను పట్టుకుంట" అన్నాను. డబ్బా బెంచీ మీద పెట్టి పిల్లను అందుకున్నాను. ఆయన తలుపు బయట మేకుకు వేలాడుతున్న ఏప్రాన్ తీసి నా మెడలో వేశారు. అబ్బ, ఎంత బరువు! పిల్ల చెయ్యి బల్లమీద ఆనించి గట్టిగా పట్టుకున్నాను. మెషిన్ ఒక్కసారి గుర్రుమంది, అయిపోయింది. తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ అక్కా" అంది.

కడుపుతో ఉందని ఆమెను ఆపారు. నువ్వూ ఉన్నావా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా లేనని చెప్పేదాన్నే.

సంక్రాంతి సెలవులు అయిపోయిన తర్వాత తెలిసింది. క్యాలెండరు ముందు నిలబడి వెనక్కి లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆ మధ్యాహ్నం లోపలికే వస్తోంది. చదువుకున్నదాన్ని కాబట్టి, ఏ వారంలో బిడ్డకు ఏ అవయవం మొదలవుతుందో కూడా తెలుసు. తెలియకపోతే కాస్త నిద్రపోయేదాన్నేమో.

"ఏప్రాన్ ఉంది గద నీకు. ఏంగాదు" అన్నారాయన. "బ్యాడ్జి దాని లోపలనే ఉండె. నీకు తగిలింది ఏమన్న ఉంటే దానికీ తగులుతది. లెక్క రానీ, నువ్వే సూస్తవ్."

లెక్క ఫిబ్రవరిలో వచ్చింది. ఆయన ఆ కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వచ్చారు. అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. అప్పుడు తీశారు. "దాద్దామనే అనుకున్న. శాతగాలే" అన్నారు.

ఎప్పుడూ సున్నా ఉండే గడిలో ఆసారి ఒక అంకె ఉంది.

కోదాడలో మా అన్న ఉంటాడు. విషయం అన్నకు తెలిసింది, అన్న ద్వారా వదినకు. వదిన పుట్టిల్లు కృష్ణా జిల్లా. మనసు మంచిదే, నోటికి మాత్రం ఓపిక తక్కువ. ఫోనులో తేల్చి చెప్పింది: "చూడమ్మాయ్, ఇప్పుడైతే సులువుగా పోద్ది. రేపు ఏ అవకరంతోనో పుట్టాక ఏడ్చి ఏం లాభం? నీకొక ఆడపిల్ల ఉంది, ఏళ్ళేం మించిపోలేదు. ఇక్కడ లేడీ డాక్టరుతో నేను మాట్లాడతాను. శుక్రవారం వచ్చెయ్యండి."

శుక్రవారానికి నాలుగు రోజులున్నాయి. మా ఆయన అవుననలేదు, కాదనలేదు. మంగళవారం నాడు పెద్దదాన్ని అత్తమ్మకు అప్పగించి, అమ్మను చూసివస్తానని సూర్యాపేట బస్సెక్కాను. అమ్మ దగ్గరికి పోలేదు. డిగ్రీలో మాకు ఫిజిక్స్ చెప్పిన సార్ ఇంటికి పోయాను.

సార్ వరండాలో పేపర్లు దిద్దుతున్నారు. "ఏమ్మా, ఎప్పుడొచ్చినవ్?" అంటూ కుర్చీ జరిపారు. నేను కాగితం చేతికిచ్చి, ఉన్నదంతా చెప్పాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఆగలేదు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, ఎర్రగా ఒకవైపు, నల్లగా ఒకవైపు ఉన్న కుండపెంకు తెచ్చి నా చేతిలో పెట్టారు. తుంగతుర్తి దిక్కు బావి తవ్వుతుంటే దొరికిందని ఎవరో విద్యార్థి తెచ్చిచ్చాడట.

"ఇది గూడ మీ ఆయన బ్యాడ్జిలాంటిదే" అన్నారు. "కుమ్మరి ఆవంలో కాలినప్పుడు దీని లెక్క సున్నా అయింది. ఆ తర్వాత మట్టిలో ఎన్నేండ్లున్నదో అన్నేండ్లూ, ఆ మట్టిలోంచి కొద్దికొద్దిగ రేడియేషన్ తగులుతనే ఉన్నది. ఇదంత దాచిపెట్టుకున్నది. ఇప్పుడు మళ్ళ వేడిజేస్తే వెలుగు ఇడుస్తది. దాన్ని కొలిచి వయసు చెప్తరు. రాయైపోయిన జంతువుల పండ్లకు గూడ ఇంకో తీరుగ ఇసుంటి లెక్కనే కడతరు."

ఈయన ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారు అనుకున్నాను. నా మొహం చూసి ఆయనే అందుకున్నారు.

"అయితే ఉత్త పెంకు తీస్కపోతే లెక్క కుదరదమ్మా. అది ఏ జాగల పడి ఉండెనో ఆ మట్టి గూడ తీస్కపోవాలె. ఎందుకంటవా? పెంకు తనకు తగిలింది చెప్తది గని, యాడ తగిలిందో చెప్పదు. నీ బ్యాడ్జి గూడ అంతే. బ్యాడ్జికి తగిలిందే ఈ అంకె. అది నీ ఒంటిమీద ఉన్నది ఎంతసేపు? మూడు నెలల్ల ఒక్క నిమిషం. మిగిలిన దినాలు యాడున్నదో అడిగినవా?"

నేను అడగలేదు. బీయస్సీ చదివి, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంటికొచ్చి ఆయన్ను కూర్చోబెట్టి వాకబు చేశాను. గదిలో ఎక్కడైనా మరిచిపోయారా? లేదు. మెషిన్ ముందు ఏప్రాన్ వేలాడదీశారా? లేదు, మేకు గది బయట ఉంది. ఇంకెవరికైనా ఇచ్చారా? నీకు తప్ప ఎవరికీ ఇయ్యలే అన్నారు. బుధవారం కూడా అలాగే గడిచింది. శుక్రవారానికి సంచి సర్దుకున్నాను.

గురువారం పొద్దున పొయ్యిమీద పాలు పెట్టి నిలబడ్డాను. మా వంటింటి వెంటిలేటరు అద్దాన్ని కోతులు పగలగొడితే, మా ఆయన చెడిపోయిన ఎక్స్-రే ఫిల్ము ఒకటి తెచ్చి మేకులు కొట్టారు. అది అత్తమ్మ మోకాలి ఫిల్మే. ఆ చలికాలంలోనే నొప్పులెక్కువై ఆమెను తీసుకెళ్ళి తీశారు. మొదటిది పాడైతే మళ్ళీ తీశారు. పాడైంది మా వంటింటికి వచ్చింది. నెలలుగా దాని కింద వండుతున్నాను. ఆ పొద్దు ఎండ సూటిగా దానిమీద పడింది. ఎముకలు తెల్లగా మెరుస్తున్నాయి. మోకాలి చిప్ప పక్కన ఇంకా తెల్లగా ఒక చదరపు మచ్చ. మచ్చ అంచున చిన్న చిన్న పళ్ళు.

మొసలి నోరు.

పాలు పొంగిపోయాయి. "అత్తమ్మా!" అని నేను అరిచిన అరుపుకు ఆమె కుంటుకుంటూ వచ్చింది.

"ఏందే, పామా?"

"మోకాలు ఫొటో తీసిన్నాడు బిళ్ళను నువ్వు పెట్టుకున్నవా?"

ఆమె ఫిల్ము వైపు చూసింది. పొయ్యి వైపు చూసింది. "పాలు ముందుగాల దించు" అంది.

"అత్తమ్మా!"

"పెట్టుకున్న. ఏమైతదిప్పుడు? వాడు ఫిల్ములు కడిగే సీకటి గదిలకు పోయిండు. తలుపు బయట ఏప్రాన్ల బిళ్ళ కనబడ్డది. వాడు దినాం పెట్టుకుంటడు, నేనొక్కపూట పెట్టుకుంటె అరిగిపోతదా అనుకున్న. మోకాలు మీద చీర మడతల దోపుకున్న. కొడుకు ముంగట చీర పైకి ఎత్తుతనా, వాడు గూడ ఏమనలే. మచ్చవడ్డది, మళ్ళ తియ్యాలె, మడతల నీ తమలపాకు సున్నపు డబ్బా ఉన్నదా అమ్మా అన్నడు. ఊ అన్న. తీసి యథాప్రకారం ఆడనే పెట్టిన."

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆమెకు అర్థం కాలేదు. పీట మీద కూర్చోబెట్టి, ఆ బ్యాడ్జి కాపాడేది కాదని, కొలిచేదని, ఆ కొలతను చూసే రేపు కోదాడకు పోతున్నామని చెప్పాను. పోతున్నామని ఆమెకు తెలుసు గానీ ఎందుకో మేము చెప్పలేదు. ఆమె మోకాలు తడుముకుంటూ, "అంటే, నా మోకాలుకు తగిలింది తెచ్చి నీ కడుపు లెక్కల రాసిండ్రా?" అంది.

నా చదువంతా కలిపినా ఆ ముక్క అంత తేటగా చెప్పలేకపోయేదాన్ని.

శుక్రవారం కోదాడకు పోయాం. మేకులు పీకి ఫిల్మును పేపరులో చుట్టి తీసుకెళ్ళాం. నాలుగు మూలలా రంధ్రాలు, మీద తాలింపు జిడ్డు. లేడీ డాక్టరు దాన్ని కిటికీకి ఎత్తిపట్టి చూసి, కాగితం చూసి, మళ్ళీ ఫిల్ము చూసి, గట్టిగా నవ్వేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఈ అంకె నీది కాదు. ఒకవేళ మొత్తం నీదే అయినా, దానికోసం బిడ్డను తీసేయాల్సినంత పెద్దది కాదు. "అసలు తీయించుకోమని ఎవరమ్మా చెప్పింది?" అంది. వదిన పైన ఫ్యాను వైపు చూసింది.

"మరి బిడ్డ బాగుంటదా డాక్టరమ్మా?" అని అడిగాను.

"పుట్టబోయే బిడ్డ గురించి ఎవరూ పూచీ ఇవ్వలేరు. నేను కూడా. కానీ ఈ కాగితం పేరు చెప్పుకుని మాత్రం భయపడకు."

ఆ జవాబు నాకు నచ్చింది. భయపడాల్సిందేమీ లేదని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. బయటికి వచ్చాక వదిన నాకు అరటిపండు ఒలిచి ఇచ్చింది.

మా ఆయన జరిగింది జరిగినట్టు లాబొరేటరీకి ఉత్తరం రాశారు. వాళ్ళమ్మ సంగతి రాయడానికి మూడు కాగితాలు చించారు. తర్వాతి లెక్కలో మళ్ళీ సున్నా వచ్చింది. అయినా నేను నెలలు నిండేదాకా భయపడుతూనే ఉన్నాను. సూర్యాపేటలో కాన్పయింది. నర్సు పిల్లను చూపించగానే వేళ్ళు లెక్కపెట్టాను. పక్కకు పడుకోబెట్టాక మళ్ళీ లెక్కపెట్టాను. అత్తమ్మ వచ్చి పిల్లను ఒళ్ళో వేసుకుని, అందరికీ వినబడేలా, "నేను అన్ననా లేదా, బిళ్ళ కాపాడుతదని? ఫొటోల అది పడకపోతే ఏమయ్యేది?" అంది.

ఎక్స్-రే గది తలుపు మీద ఇప్పుడొక అట్ట ఉంది. రాసింది నేనే. "కడుపుతో ఉన్నవారు, ఉన్నామేమోనని అనుమానం ఉన్నవారు, నెల తప్పినవారు ముందే చెప్పండి. పిల్లలను పట్టుకునే వారు కూడా." ఆ చివరి వాక్యం మాత్రం కొంచెం పెద్ద అక్షరాలతో రాశాను. చదవలేని వాళ్ళను మా ఆయన నోటితో అడుగుతారు.

రేపు మా చిన్నది కూడా బల్ల ముందు కుదురుగా నిలబడదు, ఎవరో ఒకరు పట్టుకోవాలి. నాకు ఈ నెల నాలుగు రోజులు ఆలస్యమైంది. ఏమీ కాకపోవచ్చు, అయినా నేను లోపలికి పోను. సాయంత్రం అన్నాల దగ్గర ఆ మాటే వస్తే అత్తమ్మ ముద్ద ఆపి, "నేను పట్టుకుంట తియ్యి" అంది. మా ఆయన నవ్వు ఆపుకుంటూ, అట్ట మీద రాసింది అందరికీ వర్తిస్తది, అడగకుండ లోపలికి రానియ్యనన్నారు.

"నన్నేం అడుగుతవురా! గిప్పుడు నాకు కడుపొస్తదా?" అంది అత్తమ్మ. "కావాలంటె చీర మడతలు ఎతుక్కో."