ఎనిమిది మిల్లీమీటర్ల మేస్త్రీ

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఇది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. ముప్పై రెండేళ్ళు కాపురం చేశాను కాబట్టి ఆ హక్కు నాకుంది. ఇంటి పైకప్పు కారుతోందని చెప్పాల్సి వస్తే తడిసిన చొక్కా తెచ్చి చూపిస్తాడే తప్ప మాట బయటికి రాదు. అందరూ రేకుల మేస్త్రీ అంటారు. పాత కార్లకు రేకు ఒంపి ఒళ్ళు కట్టడం ఆయన పని. షెడ్డులో ముందు భాగం ఆయనది. వెనక భాగంలో సీట్లకు తోలు కుట్టే మిషను నాది. మధ్యలో గోడ లేదు కాబట్టి ఆయన కొట్టే ప్రతి దెబ్బా నా నెత్తినే పడుతుంది.

మాకు పనిచ్చేది టైల్స్ సారు. స్నానాల గదులకు టైల్స్ అమ్మి పైకొచ్చాడు. పైకొచ్చాక ఏం చెయ్యాలో తోచక పాత కార్లు కొనడం మొదలుపెట్టాడు. మూడేళ్ళ క్రితం లారీ మీద ఓ స్పోర్ట్స్ కారు తెచ్చి మా షెడ్డు ముందు దించాడు. ఆయన కారు అన్నాడు కాబట్టి మేమూ కారనే అన్నాం. అరవై ఏళ్ళనాటి బండి. కింద చాసిస్ ఉంది, ఇంజిన్ ఉంది, రెండింటి మీదా నంబర్లు చెక్కుచెదరలేదు. మిగతాదంతా తుప్పు. తలుపు మీద చెయ్యేస్తే చెయ్యి లోపలికి పోయింది. ఎవరి కోళ్ళో అందులో చాలాకాలం కాపురం చేసినట్టున్నాయి.

మా ఆయన మూడేళ్ళు దానికి ఒళ్ళు కట్టాడు. మిగిలిన ముక్కల్ని నేల మీద పరిచి, కొలిచి, అట్టల మీద గీసుకున్నాడు. కొత్త రేకును ఇసుక సంచి మీద పెట్టి కర్ర సుత్తితో కొట్టి కొట్టి ఒంపు తెచ్చాడు. వంకర్లు కప్పడానికి పుట్టీ పూయడమంటే ఆయనకు అసహ్యం. "పుట్టీ గోడకి పూస్తారు" అన్నాడోసారి. ఆ ఏడాది ఆయన చేసిన పెద్ద ఉపన్యాసం అదే.

బండికి ఎర్రరంగు పడ్డాక టైల్స్ సారు కథ మొదలైంది. "ఫ్యాక్టరీ బాడీ! ఎక్కడా తుప్పన్నదే లేదు. నేను రంగు మాత్రం వేయించా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది! మా ఆయన పక్కనే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వినేవాడు.

"నువ్వేం అనవా?" అని అడిగితే, "బండి ఆయనదే కదా" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

పాత బండ్ల సంఘంవాళ్ళకో పెద్ద పుస్తకం ఉంది. అందులో అసలు బండ్ల జాబితాకెక్కితే ఆ బండి దర్జాయే వేరట. ఎక్కించేముందు మనిషిని పంపి పరీక్ష చేయిస్తారు. ముందురోజు పొద్దున టైల్స్ సారు వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి పడిందంటే ఏదో మూడిందన్నమాటే.

"మేస్త్రీ, రేపు నువ్వు రంగు వేసినవాడివి. అంతే. అర్థమైందా?"

"సరేనండీ."

మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం కంచంలోకి చూస్తూ నాతో అన్నాడు. "ఆ పుస్తకంలో ఒళ్ళు ఎవరు కట్టారో కూడా రాస్తారట."

"అయితే?"

"నలభై బండ్లకి కట్టాను. ఒక్కదాని కాగితాల్లోనూ నేను లేను."

నేను చేతిలో ముద్ద కంచంలో పడేశాను. "మరి రేపు చెప్పెయ్యి!" అన్నాను.

"ఆయనవి ఇంకో మూడు బండ్లున్నాయి కదా మన దగ్గర" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. అవి పోతే షెడ్డులో మిగిలేది మేమిద్దరమే.

పరీక్షకు వచ్చింది ఓ పెద్దావిడ. పీలగా ఉంది, జుట్టు కురచగా కత్తిరించుకుంది. జేబులోంచి భూతద్దం, దారానికి కట్టిన అయస్కాంతం, కొలత టేపు తీసింది. ముందు చాసిస్ నంబరు తుడిచి, ఒక్కో అంకె ఎంత లోతుగా దిగిందో భూతద్దంలో చూసింది. ఇంజిన్‌దీ చూసింది. "నంబర్లు అసలువే. ఇది ఆ బండే" అంది. టైల్స్ సారు ఛాతీ ఉబ్బి చొక్కా గుండీలు తెగేలా అయ్యాయి.

తర్వాత అయస్కాంతం బండి ఒళ్ళంతా నడిపించింది. పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు. అది ఎక్కడా జారలేదు. వేలి కణుపుతో తట్టి చెవి ఆనించి విన్నది. "పుట్టీ చుక్కైనా లేదు. ఇలాంటి పని ఇప్పుడెవరికీ రాదు" అంది.

"అదే కదా మేడం నేను చెప్పేది! ఫ్యాక్టరీ పనితనం! ఇప్పటి మేస్త్రీలకి ఆ చేతులెక్కడివి?" అని టైల్స్ సారు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గంగిరెద్దులా తలూపాడు. నేను సూది వేలికి గుచ్చుకున్నాను.

అప్పుడావిడ టేపు తీసింది. చాసిస్ నుంచి ఎడమ మడ్‌గార్డు పైదాకా, కుడి మడ్‌గార్డు పైదాకా. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కొలిచింది.

"ఈ ఒళ్ళు ఫ్యాక్టరీది కాదు."

"ఎందుక్కాదు మేడం?"

"రెండు పక్కలా సమానంగా ఉంది కాబట్టి. ఈ రకం బండ్లు పదకొండు కొలిచాను. అన్నిటికీ ఎడమ మడ్‌గార్డు ఎనిమిది మిల్లీమీటర్లు దిగి ఉంటుంది. ఫ్యాక్టరీలో రేకు ఒంచే ఎడమవైపు చెక్క అచ్చే వంకర. ఆ బండ్లు చెయ్యడం ఆపేసేదాకా ఎవరూ పట్టించుకోలేదు. దీన్ని ఎవరు కట్టారు? పుస్తకంలో రాయాలి."

టైల్స్ సారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. కట్టినవాణ్ణి చూపిస్తే ఊరంతా చెప్పుకున్న గొప్పలు గాలికి పోతాయి. రెండుసార్లు దగ్గి, మొహం దిగులుగా పెట్టాడు.

"నేను కొనకముందే ఎవరో కట్టించారట మేడం. ఆ కట్టినాయన పోయాడు పాపం. అంతే కదా మేస్త్రీ?"

"అవునండీ. పోయాడు" అన్నాడు మా ఆయన.

నా మొగుడు తన చావుకు తానే సాక్ష్యం చెప్పడం నా చెవులారా విన్నాను! ఏ ఆడదానికీ వద్దు ఆ వైభోగం.

ఆవిడ నిట్టూర్చి తన నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టింది. "మంచి చెయ్యే పాపం. కానీ కొలవడం చాతకాలేదు. అసలుదాంట్లో వంకర ఉందని కనిపెట్టలేకపోయాడు."

"కనిపెట్టాడమ్మా!"

ఆ అరిచింది మా ఆయనే. షెడ్డు అంతా ఉలిక్కిపడింది. అందరికంటే ఎక్కువ ఆయనే ఉలిక్కిపడ్డాడు. కానీ మాట ఆగలేదు. "కనిపెట్టే సరిచేశాడు. ఎనిమిది కాదమ్మా, ఎనిమిదిన్నర. తుప్పులో దొరికిన ముక్క పెట్టి కొలిచాడు. అలాగే వంకరగా కొట్టబోతే చెయ్యి రాలేదు ఆయనకి."

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ఇదంతా పోయినాయన మీకు చెప్పాడా?"

మా ఆయన టైల్స్ సారును చూశాడు, నేలను చూశాడు, నన్ను చూశాడు. ఇక నా వల్ల కాలేదు. మిషను వదిలి లేచాను.

"పోయినాయన ఎవరికీ ఏమీ చెప్పడమ్మా, అదే నా ఖర్మ! పొద్దున్నే రెండు గ్లాసుల టీ తాగి వచ్చాడు. నమ్మకపోతే గిల్లి చూడండి!" అని అటక మీది అట్టలన్నీ ఆవిడ ముందు కుప్పగా పోశాను. ఎడమ మడ్‌గార్డు అట్ట మీద ఆయన కోడిగీతల రాత ఉంది: 'వంకర ఎనిమిదిన్నర. ఎత్తాలి.'

టైల్స్ సారు ఎర్రబడ్డాడు, బండి రంగుకు సరిగ్గా సరిపోయింది. "రేపే నా మూడు బండ్లూ తీసుకుపోతా. ఎవడు పనిస్తాడో చూస్తా!" అని బయటికెళ్ళి లారీ కోసం ఫోన్లో కేకలు మొదలుపెట్టాడు. నాకు భయం వేసింది. లేదంటే అబద్ధం. స్టూలు మీద కూలబడ్డాను.

ఆవిడ మాత్రం రాసుకుంటూ పైకి చదివింది. "పనితనం ఫ్యాక్టరీ కంటే మేలు. అందుచేత అసలుది కాదు. కట్టినవారు?"

"రేకుల మేస్త్రీ అని రాయండమ్మా."

"అది మీ పని. పేరు చెప్పండి."

మొదటిసారి గొణిగాడు. రెండోసారి ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి, గట్టిగా చెప్పాడు. ఆవిడ రాసింది. రాసింది ఆయనకు చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు.

"అతుకు ఎక్కడేశారో నాకు దొరకలేదు" అందావిడ, వెళ్ళడానికి టేపు చుడుతూ.

ఆయన చూపించాడు. ఎందుకక్కడ వేశాడో చెప్పాడు. రేకు ఎంత వేడెక్కితే ఎంత సాగుతుందో, ఏ దెబ్బకు ఎలా మోగుతుందో చెప్పాడు. ఆవిడ టేపు పక్కన పెట్టి మళ్ళీ నోటుబుక్కు తెరిచింది. వచ్చే నెల ఎలా గడుస్తుందో తెలియక నేను స్టూలు మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఇన్ని మాటలు కడుపులో పెట్టుకుని నాకొక్కటీ చెప్పనందుకు కోపంతో కూడా ఏడుస్తున్నాను. ఎడమ పక్క అయిపోయింది. ఆయన బండి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు.

"ఇప్పుడు కుడివైపు చెప్తా. రాసుకోండమ్మా."