ఎర్ర చీర పచ్చగైన రోజు

సిరిసిల్ల మగ్గాలవాళ్లు తమ చీరల ఫొటోలు ఎక్కించుకునేందుకు ఒక వెబ్‌సైట్ రాసిచ్చాను. మొదటి ఫిర్యాదు అక్కడే మగ్గం నేసే మా చిన్నమ్మ నుంచే ఫోన్‌లో వచ్చింది.

"ఏం జేసినవ్‌రా? నేను ఎర్ర చీర ఎక్కిస్తే పచ్చగైంది! కోరుట్లోళ్లు బిడ్డ పెండ్లికి గా ఎర్రదే చూస్తరట. పొద్దుమీకితే ఇంటిల్లిపాది ఫోన్ ముందు కూసుంటరు."

జగిత్యాలలో కూర్చుని సర్వర్ తెరిచాను. చిన్నమ్మ తన ఫైలుకు 'బిడ్డ పెండ్లి చీర' అని పేరు పెట్టింది. పక్క వీధి ఆవిడ తన పచ్చ చీరకూ అదే పెట్టింది. మా వైపు మంచి చీరకు ఇంకో పేరుండదు. నా స్క్రిప్టు వచ్చిన పేరుతోనే ఫైలును దాచేది కాబట్టి, రెండోది వెళ్లి మొదటిదాని మీద కూర్చుంది. ఇలా పేరును నమ్మితే, రేపు చీర పేరుతో వైరస్ వచ్చినా అంతే మర్యాదగా పీట వేస్తుంది.

అందుకే లోపల ఉన్నది నిజంగా ఫొటోనో కాదో చూసి, సర్వరే కొత్త పేరు పెట్టుకునేలా మార్చాను. చిన్నమ్మను మళ్లీ ఎక్కించమన్నాను.

"కొత్త పేరేంది?"

"ఏవో అంకెలు, చిన్నమ్మా."

"నా చీరేమన్న జైల్ల ఖైదీయా, నంబరేస్తున్నవ్?"

అంకెలు లోపలే ఉంచి, ఫొటో కింద ఆమె పెట్టిన పేరే కనిపించేలా చేశాను.

సాయంత్రం కోరుట్లవాళ్లు ఎర్రదే ఖాయం చేసుకున్నారు. చిన్నమ్మ మళ్లీ ఫోన్ చేసింది.

"పాపం, గా పచ్చది గూడ మంచిగనే ఉన్నదిరా. దాన్ని పేజీల జెర మీదికి పెట్టు."