శెట్టిగారి రేడియోలో బేస్ గిటార్

1978. మద్రాసు వడపళనిలో నేను రికార్డిస్టుగా పనిచేసిన స్టూడియోలో ఒకటే పెద్ద హాలు. వయొలిన్లు ఒక వరసలో, తబలా డోలక్‌లు చెక్క తడకల వెనక, పాడేవాళ్లు గాజు గదిలో. అందరూ ఒకేసారి వాయించాలి, ఒకేసారి పాడాలి. చివరి చరణంలో ఫ్లూటు ఒక్క స్వరం జారిందా, పాట మళ్లీ మొదటి నుంచే. ఒక్కొక్కరూ విడిగా వచ్చి వాయించి పోతే తరవాత అతికించుకునే సుఖం మాకు లేదు. నిజం చెప్పాలంటే ఆ కష్టమే ఇప్పుడు కావాలనిపిస్తోంది. ఆ హాలు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది దామోదరం.

దామోదరం బేస్ గిటార్ వాయించేవాడు. బేస్ అంటే నాలుగు లావుపాటి తీగల గిటార్, పాటకు అడుగున నడిచే వాయిద్యం. విస్తట్లో అన్నం లాంటిది. కూర బాగుందంటారు, పచ్చడి బాగుందంటారు, అన్నం బాగుందని ఎవరూ అనరు. తీగల మొదట్లో చిన్న గుడ్డముక్క మడిచి దోపుకునేవాడు దామోదరం. దాంతో ప్రతి స్వరమూ గుండ్రంగా, మెత్తగా దిగేది. నా గదిలో మానిటర్లు అని రెండు పెద్ద స్పీకర్లు ఉండేవి. వాటిలో అతని వాయింపు వింటే కడుపులో కదిలినట్టుండేది. అందరూ మెచ్చుకునేవాళ్లు. నేనూ మీసం మెలేసేవాణ్ణి.

ఒకరోజు టీ తాగుతూ దామోదరం నసిగాడు.

“సార్, ఒకటి అడగాల. మా నాయిన నన్ను ఒక్కసారన్నా వినాల.”

“రోజూ రేడియోలో వస్తూనే ఉన్నావు కదయ్యా.”

“యాడ సార్! అంగట్లో రేడియోకి చెవి ఆనించుకోని కూర్చుంటాడు. వయొలిన్ వినపడతాది, తబలా వినపడతాది. నేను వినపడను. వీధిలో వాళ్లు ఏడిపిస్తా ఉండారు, ‘ఏం శెట్టీ, పాటలో మీవోడు యాడుండాడు?’ అని. మొన్న నన్ను పిలిచి ‘ఆ పాటలో బలే వాయించినావురా’ అన్నాడు. ఆ పాటలో బేసే లేదు సార్.”

నవ్వు వచ్చింది గానీ అతని ముఖం చూసి మింగేశాను.

“స్టూడియోకి తీసుకురా. ఇక్కడ వింటారు.”

“పిలిచినా సార్. ‘ఆడ కాదురా, లోకమంతా వినేకాడ నేనూ వినాల’ అంటాడు.”

ఆ ఆదివారం రాయపురం వెళ్లాను. దామోదరం వాళ్లది తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. చేపల రేవుకు దగ్గర్లో పడవలవాళ్లకు తాళ్లు, వలలు అమ్మే అంగడి. లోపలంతా కొబ్బరిపీచు, తారు వాసన. తాళ్ల చుట్టల మధ్య పీట మీద దామోదరం తండ్రి, పెద్దాయన శెట్టిగారు, పక్కనే పైన గుడ్డ కప్పిన చిన్న రేడియో.

“రాండి సార్, కూర్చోండి. వీడి గిటార్ చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. తీగలా అవి, మోకులా? మన అంగట్లోవే బిగించినాడేమో అనుకున్నా!” అని, తన మాటకు తనే నవ్వాడు.

ఇంతలో రేడియోలో మేము చేసిన పాటే వచ్చింది. అందులో బేస్ గురించి నాకు గర్వం కూడానూ. వంగి చెవి పెట్టాను. గొంతు ఉంది, వయొలిన్లు ఉన్నాయి. దామోదరం లేడు. పిడికెడంత స్పీకరు అది. నా చేతులతో నేను పెట్టిన బేస్ నాకే వినిపించలేదు.

పెద్దాయన నా ముఖంలోకే చూస్తున్నాడు. “వస్తా ఉంది గదా సార్? వాడే గదా?” అని గంపెడాశతో అడిగాడు. నేను టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో మా వృత్తి తెలివితక్కువతనం తెలిసొచ్చింది. బేస్ చాల్లేదనిపిస్తే మేమంతా అడుగున ఉండే బరువు శబ్దాన్ని ఇంకా పెంచేవాళ్లం. చిన్న రేడియో ఆ శబ్దాన్ని అసలు పలకనే పలకదు. గుడ్డికన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత? పైగా రేడియోవాళ్లు వేసే గ్రామఫోను రికార్డు మీద అడుగు శబ్దం ఎక్కువైతే ముల్లు ఎగురుతుందని, రికార్డు చెక్కేవాళ్లు దాన్ని కోసేసేవాళ్లు. మేము పెంచేకొద్దీ వాళ్లు కోసేవాళ్లు. శెట్టిగారి దాకా వెళ్లవలసింది ఆ బరువు కాదు. తీగ మీద వేలు పడే చప్పుడు, దాని వెనకే వచ్చే మోత.

పాత ట్రాన్సిస్టరు లోంచి స్పీకరు పీకి, చెక్కపెట్టెలో బిగించి, నా బల్ల మీద పెట్టుకున్నాను. ఒక స్విచ్చి నొక్కితే పెద్ద స్పీకర్లు ఆగిపోయి ఇది మోగుతుంది.

తరవాతి పాటకు దామోదరాన్ని ఆ గుడ్డముక్క తీసెయ్యమన్నాను. అతని ముఖం చిన్నబోయింది.

“అది తీస్తే డబ్బా మాదిరి ఉంటాది సార్.”

“ఒక్కసారి నా మాట విను.”

గిటార్ నుంచి ఒక వైరు తిన్నగా నా బల్లకు లాగాను. దాన్ని డైరెక్ట్ లైన్ అంటారు. అందులో అడుగు శబ్దం తగ్గించి, వేలి చప్పుడు పైకి తెచ్చాను. ఇంకో దారి ఆంప్లిఫయర్ ముందు పెట్టిన మైకు. ఆ శబ్దం వయొలిన్ల మైకుల్లోకి దూరకుండా చుట్టూ మందపాటి జంపఖానాలు వేలాడదీశాను. బరువు మైకుది, నడక డైరెక్ట్ లైనుది.

రిహార్సల్ వినడానికి సంగీత దర్శకుడు నా గదిలోకి వచ్చారు. వినీ వినగానే, “ఏమయ్యా, బేస్‌కు జలుబు చేసిందా? బరువేదీ?” అన్నారు.

స్విచ్చి నొక్కాను. ఆ చిన్న పెట్టెలో, గొంతు వెనకాలే, ఒక్కో అడుగూ తెలిసేలా దామోదరం నడిచి వస్తున్నాడు. ఆయన మళ్లీ వాయించమన్నారు. కళ్లు మూసుకుని విన్నారు. “మైకు కాస్త పెంచి బరువు ఇవ్వు. మిగతాది ఇలాగే ఉంచు” అన్నారు.

టేపు మీద పట్టిన ఆ రిహార్సల్ వేస్తే దామోదరం కూడా వచ్చి విన్నాడు. కడుపులో కదిలే ఆ మెత్తని శబ్దం మీద మోజుతోనే ఈ వాయిద్యం పట్టినవాడు.

“ఇది నా సౌండు కాదు సార్” అన్నాడు. తీసేసిన గుడ్డముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. “సరి, పోనీండి. మా నాయినకి వినపడితే చాలు. టేక్ పోదాం.”

పాట రేడియోకెక్కిన కొత్తలో ఒక మధ్యాహ్నం నన్ను అంగడికి తీసుకెళ్లాడు. పాట మొదలైంది. పెద్దాయన అలవాటుగా చెవి ఆనించాడు. పల్లవి అయ్యీ అవకముందే తల ఎత్తి, పీట మీద నిటారుగా కూర్చున్నాడు. ఇక ఆనించాల్సిన పనిలేదు.

“వీడే! వీడేరా!” అని అరిచి, ఎదురంగడి వైపు తిరిగాడు. “ఒరే మునుసామీ, ఇట్టా రారా! మావోడు నడస్తా ఉండాడు, విను!”

చేతి కింద ఉన్న తాళ్ల చుట్ట మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. దామోదరం గుమ్మం దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. ఏళ్ల తరబడి చేసిన పనికి నాకు జీతం ముట్టింది ఆరోజే.

దాని వెనకే పాత పాట వచ్చింది. నేను ఆ ఆదివారం వంగి విన్నదే. దామోదరం రేడియో ఆపబోయాడు.

“ఉండరా. దీంట్లో కూడా ఉండావు.”

దామోదరం నా వైపు చూశాడు. మళ్లీ అదే అబద్ధం అనుకున్నాం ఇద్దరమూ. పెద్దాయన కళ్లు మూసుకుని కూనిరాగం అందుకున్నాడు. “దుమ్... దుదుమ్... దూమ్...” దామోదరం వాయించిన వరస అదే. చరణం చివర అతను వేలు జార్చి దిగే చోట, పెద్దాయన గొంతు కూడా జారి దిగింది. దామోదరం ఆ తాళ్ల చుట్ట మీదే కూర్చుని, తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు.

ఆ పాటలో బేస్ ఆ రేడియో దాకా రాలేదని నేను ఒట్టు వేసి చెప్పగలను. లేదా ఏ మూలో వెంట్రుకంత మిగిలి ఉండాలి. కొడుకు నడక ఒకసారి తెలిశాక ఆ వెంట్రుకే ఆయనకు చాలింది. చప్పుడును చెవి దాకా చేర్చడం వరకే రికార్డిస్టు పని అని, మనిషిని వెతికి పట్టుకునేది వినేవాళ్ల ఆశేనని అప్పుడు నేర్చుకున్నాను.

ఇప్పుడు స్టూడియో ఉన్నచోట ఫ్లాట్లు లేచాయి. శెట్టిగారు పోయారు, కొన్నేళ్లకు దామోదరమూ పోయాడు. మా మనవరాలు తన ఫోనులో పాత పాటలు పెట్టి నా చేతికిస్తుంది. దాని స్పీకరు చింతగింజంత. అందులో బేస్ పలకదని నాకు తెలుసు.

“తాతయ్యా, అలా చెవికి ఆనించుకున్నావేంటి? సౌండు పెంచనా?” అంటుంది.

“వద్దమ్మా. వస్తున్నాడు, ఉండు.”