రాకెట్ సోమన్నను చంపింది నేనే

ఆ రోజుల్లో మా వాడకట్టులో ఎవరైనా పోయారంటే దానికి రుజువు అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు, ఆడవాళ్లు ఏడుపు అందుకునేవారు, మగ్గాలు ఆగిపోయేవి. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని నేను ఒకణ్ని చంపాను. చంపిన సంగతి మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. చచ్చినవాడు రేడియో నాటకంలో వాడు గనుక నాకు పోలీసుల భయం లేకపోయింది గానీ, ఆ చావు కింద పడి నలిగినవాడు మాత్రం నిజం మనిషి, మా అక్క మొగుడు. మా బావ మాటకు విలువ ఎందుకు పోయిందో, నా మాటకు ఎందుకు పెరిగిందో మా వాళ్లలో చాలామందికి ఈనాటికీ తప్పుగానే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది భువనగిరి దగ్గర ఊరు. పొద్దున లేస్తే దూరంగా ఆ కోట గుట్ట బోర్లించిన కుండలా కనపడేది. ఊళ్లోకి కరెంటు ఇంకా రాలేదు. సర్కారు వాళ్లు ఊరికొక రేడియో ఇచ్చి, ఇటుకంత బ్యాటరీ ఒకటి దానికి తగిలించి, చెక్కపెట్టెలో పెట్టి పంచాయతీ గదిలో దిగ్గొట్టి పోయారు. పెట్టె తాళం నాకిచ్చారు. ఇందులో నా గొప్పేమీ లేదు. నేను మగ్గం గుంతలో కూర్చుంటే చాలు, పోగులు పుటుక్కున తెగేవి. "వీన్ని సూస్తేనే నూలుకు భయమైతది, వీన్ని బయట ఏదన్న పనికి పెట్టున్రి" అని మా బాపు సర్పంచి కాళ్లావేళ్లా పడితే దొరికిన కొలువది. సాయంత్రం పెట్టె తెరవాలి, పంటల ముచ్చట్లు, వార్తలు వినిపించాలి, మళ్లీ తాళం వేయాలి. అంతే. (పగటిపూట తలుపు దగ్గరికి వేసుకుని సినిమా పాటలు వినమని ఎవరూ చెప్పలేదు. అడిగితే రేడియోకు దుమ్ము దులుపుతున్నానని చెప్పేవాణ్ని. మా ఊళ్లో అంత శుభ్రమైన వస్తువు ఇంకొకటి ఉండేది కాదు.)

రష్యావాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపారన్న వార్త వచ్చిన కొన్నాళ్లకు రేడియోలో ఒక నాటకం మొదలైంది. వారానికొకసారి వచ్చేది. సోమశేఖరం అనే యువకుడు రాకెట్ ఎక్కి కుజగ్రహానికి పోతాడు. అక్కడ రాళ్లు మాట్లాడతాయి, నీళ్లు పైకి పారతాయి. మొదట్లో మా వాళ్లు నవ్వారు. ఒక వారం మాత్రం కథ మలుపు తిరిగింది. సోమశేఖరం రాకెట్ బయట గాల్లో తేలుతున్నప్పుడు నడుముకు కట్టిన తాడు పురి విడి తెగబోతుంది. అతను ఒంటిచేత్తో ఆ పోగులను మెలిపెట్టి అతికి ప్రాణం దక్కించుకుంటాడు. అంతే, మా పెద్దబాపు లేచి నిలబడ్డాడు. ఆయన మా సాలెల కులపెద్ద.

"ఇన్నరా? పోగు అతికిండు! ఒంటిచేత్తోని అతికిండు! వాడు సాలోడే, మనోడే!"

"రాకెట్ల తిరిగేటోడు మీ కులమెట్లయితడే?" అన్నాడు వెనకనుంచి ఒక రైతు.

"మరి మీ లెక్క నాగలి దున్నిండా ఆడ? పోగు అతికిండు. నువ్వు అతుకు సూద్దాం."

ఆ రైతు అతకలేదు. ఆ విధంగా సోమశేఖరం సాలోళ్ల వాడలో చేరి సోమన్న అయ్యాడు. నేతకు నూలు కండెలు చుట్టే ముసలామె ఒకతి ఉండేది, అందరం కండెలవ్వ అనేవాళ్లం. ఆమెకు సోమన్న మీద ఎంత ప్రేమంటే, నాటకం లేని రోజుల్లో కూడా పంచాయతీ గది ముందు ఆగి, "పిల్లగాడు ఏమన్న తిన్నడో లేదో" అని పెట్టె వైపు చూసి పోయేది.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. ఆయన వాడలో నేసిన చీరలను మూటగట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. ఆయన దగ్గర సరుకు కన్నా మాట గట్టిది. "ఈ ఎరుపు రెండు ఉతుకులకు కొంచెం దిగుతది తల్లీ, నచ్చితేనే తీసుకో" అని ముందే చెప్పేవాడు. అప్పటికే ఆయన మోకాళ్లు పట్టేస్తున్నాయి. వాడలో చేనేత సంఘం పెట్టి, ఇంటింటికీ నూలు తూచి పంచడానికి నమ్మకమైన మనిషిని పెట్టాలని పెద్దలు అనుకుంటున్నారు. ఆ పని బావదేనని అందరి నోటా ఉంది. మూట దించి నీడపట్టున కూర్చునే రోజు కోసం ఆయన కంటే మా అక్క ఎక్కువ ఎదురుచూస్తోంది.

నాటకం ఆఖరి వారం వచ్చింది. కుజుడి మీదినుంచి సోమన్న తిరిగొస్తాడా రాడా అన్నది ఆ రోజు తేలుతుంది. బావ అమ్మకానికి భువనగిరి పోయి ఉన్నాడు. మిగతా ఊరంతా చీకటి పడకముందే గది ముందు చేరింది. నేను పెళ్లికొడుకులా నడిచివచ్చి పెట్టె తెరిచి మీట తిప్పాను. దోమ పాడినట్టు సన్నగా సంగీతం వచ్చింది. "ప్రియమైన శ్రోతలారా, నేటితో..." అన్న మాట వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. దుమ్ము దులిపి దులిపి నేను బ్యాటరీ ప్రాణం తీశానని నాకు అర్థమైంది.

"ఏమాయెరా?" అన్నాడు పెద్దబాపు.

బ్యాటరీ అయిపోయిందని చెప్పవచ్చు. చెబితే, ఎట్లా అయిపోయిందని అడుగుతారు. తాళం నా ఒక్కడి దగ్గరే ఉంది.

"ఉరుములకు గొంతు చిన్నగైంది పెద్దబాపూ. చెవి పెడితే ఇనవడ్తాంది."

"ఉరుములేడియిరా? మబ్బు తునక లేదు గద."

"హైదరాబాదుల ఉరుముతాందేమో."

"అయితే నువ్వు ఇని చెప్పు."

అట్లా నా తల పెట్టెలోకి పోయింది. ఆ చల్లని, మూగ రేడియోకు చెవి ఆనించి నేను సోమన్న కథ మొదలుపెట్టాను. రాకెట్ కుజుడి మీదినుంచి లేచిందన్నాను. జనం ఊపిరి పీల్చుకున్నారు. దారిలో ఒక చుక్క అడ్డం వచ్చిందన్నాను, పక్కకు తిప్పాడన్నాను. చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా నాకు హాయిగానే ఉంది. దించేటప్పుడు వచ్చింది చిక్కు. రాకెట్ ఎట్లా దిగుతుందో నాకు తెలియదు. పైనుంచి కిందికి దిగే బండ్లలో నేను చూసింది వాగులోకి దిగే ఎడ్లబండి ఒక్కటే. రాకెట్‌కు ఎడ్లు లేవు. నా కళ్లెదురుగా చచ్చిన బ్యాటరీ ఉంది. నోట్లోంచి వచ్చేసింది: "నూనె అయిపోయిందట!"

బయట అందరూ హా అన్నారు. ఇక వెనక్కి పోయే దారి లేదు. సోమన్న వైర్లెస్‌లో తల్లిని పిలిచాడు. "అవ్వా, నా కోసం బువ్వ ఎత్తిపెట్టకు. నేనిగ రాను. సుక్కలల్ల కలుస్తున్న. నా చెల్లెను మంచిగ సూసుకో" అన్నాడు. (సోమన్నకు చెల్లెలున్న సంగతి అప్పటిదాకా నాటకం రాసినవాళ్లకు కూడా తెలియదు.)

"ఎప్పుడు పుస్తకం సదివినట్టు మాట్లాడేటోడు, ఇయ్యాల మన లెక్క మాట్లాడుతుండేందిరా?" అన్నాడు ఆ రైతు అనుమానంగా.

"సావు ముంగట వెట్టుకొని పుస్తకం సదువుతరా ఎవలన్న?" అని కసిరింది కండెలవ్వ. ఆ వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తల బయటికి తీసేసరికి వాడంతా ఏడుస్తోంది. నిజం చెప్పొద్దూ, నా కళ్లలోనూ నీళ్లున్నాయి. అంత బాగా నేను తర్వాత ఎన్నడూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున మగ్గాల చప్పుడు లేదు. మా వాడలో మనిషి పోతే శవం లేచేదాకా ఎవరూ మగ్గం గుంతలో కాలు పెట్టరు. ఇప్పుడు శవం ఆకాశంలో ఉంది. ఎప్పుడు లేచినట్టు లెక్క? పెద్దలు కూర్చుని చాలాసేపు తర్కించారు. "లేసుడేంది, అది పైననే ఉన్నది గద" అన్నాడొకడు. చివరికి ఆ ఒక్క రోజు మగ్గాలు బంద్ పెట్టి, పొద్దుగూకాక తలస్నానాలు చేసి, ఇళ్లు అలుక్కోవాలని పెద్దబాపు తీర్పు చెప్పాడు. మా అమ్మ ఇల్లు అలుకుతుంటే నేను కడవతో నీళ్లు మోసిచ్చాను. నేను చేసిన ప్రాయశ్చిత్తం అంతవరకే.

మధ్యాహ్నానికి బావ మూటతో వాడలోకి వచ్చాడు. మగ్గాలు మూగగా ఉండేసరికి ఆయన మొహం తెల్లబోయింది. "ఎవలు వోయిన్రు?" అని పరుగున వచ్చాడు.

"రాకెట్ సోమన్న" అంది కండెలవ్వ ముక్కు చీదుతూ.

బావ పకపకా నవ్వాడు. చావు ఇంట్లో నవ్వితే ఎట్లా ఉంటుందో అట్లా అందరూ ఆయన వైపు తిరిగారు. "నీ పాడుగాను, గాడెందుకు సస్తడవ్వా! నిన్న భువనగిరి హోటల్ల నేను ఇన్న గద. సల్లగ దిగిండు. ఆల్లమ్మ ఎదురొచ్చింది. ఇగ సూడు..."

"నోరు ముయ్యి!" అన్నాడు పెద్దబాపు. "కులమంత మైల పట్టినంక బతికిండంటవా? నవ్వులాటకైతాందా నీకు? హోటల్ రేడియోల ఏదన్న ఒర్రుతరు. మనది సర్కారు రేడియో. సర్కారు అబద్ధం చెప్తదా?"

బావకు కోపం రాలేదు. నన్ను చూసి ధీమాగా నవ్వాడు. "మా బామ్మర్దిని అడుగున్రి. ఆడు అబద్ధమాడడు."

అందరూ నా వైపు చూశారు. ఒక్క మాటతో తేలిపోయేది. పెద్దబాపు నాలుగు తన్నేవాడు, తాళం లాక్కునేవారు, ఒక నెల నవ్వేవారు, అంతే. నేను నేల చూస్తూ, "ఇన్నదే చెప్పిన" అన్నాను. బావ నవ్వు మొహం మీదే కాసేపు ఉండి, ఎక్కడికి పోవాలో తెలియనట్టు మెల్లగా పోయింది.

ఆ మీదట వాడలో కొత్త ఎకసెక్కం పుట్టింది. బావ వాన వస్తుందంటే, "ఏ హోటల్ల ఇన్నవే?" అనేవారు. రంగు దిగదంటే ఆడవాళ్లు కూడా అదే అడిగేవారు. సంఘంలో నూలు పంచే పని మాటకొచ్చినప్పుడు, "సచ్చినోని మీద అబద్ధమాడినోడు తూకంల ఆడడా?" అని ఎవరో అన్నారు. నమ్మకమైనవాడు, విన్నది విన్నట్టు చెప్పేవాడు ఇంకెవరున్నారని వెతికితే నేను దొరికాను. మరుసటి నెలనుంచి నేను నీడపట్టున కూర్చుని నూలు తూచాను. బావ పట్టేసిన మోకాళ్లతో మూట మోశాడు. అదే కొలువు మీద నాకు పెళ్లైంది, ఇల్లైంది, జుట్టు నెరిసింది.

మొన్నీమధ్య మా సంఘం గదిలో టీవీ పెట్టారు. అందులోనూ ఒక రాకెట్ సీరియల్. ఆఖరి రోజున దాని హీరో అందరికీ చెయ్యి ఊపి చుక్కల్లోకి పోతుంటే పిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. నేను అక్కడ కూర్చోలేకపోయాను. తిన్నగా బావ ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"బావా, ఆనాడు మన రేడియో పలకలే. పగలు పాటలు ఇని బ్యాటరీ నేనే ఖతం చేసిన. సోమన్న సచ్చిండని చెప్పింది రేడియో గాదు, నేను."

నూనె రాసే చెయ్యి ఆగింది. తిడతాడని తల వంచుకున్నాను.

"అంటె, నేను సరిగ్గనే ఇన్ననా?" అన్నాడు.

"సరిగ్గనే ఇన్నవ్."

"హోటల్ల గిలాసల సప్పుడుకు నాకే తప్పు ఇనవడ్డదేమో అనుకున్నరా ఇన్నేండ్లు. మనుమరాలికి గూడ సోమన్న సచ్చిండనే చెప్పిన. పిల్ల అన్నం తినలే." తర్వాత ఇంట్లోకి కేకేశాడు. "ఇన్నవానె, సోమన్న బతికే ఉన్నడట!"

అక్క పిండి చేతులతో వాకిట్లోకి వచ్చింది. "గిప్పుడా?" అంది. సంగతి విన్నాక నా మీదికి లేచింది. "నువ్వు నా తమ్మునివారా? గా మోకాళ్లు సూడు! నీ పాటల పాడుగాను, గా మోకాళ్లు సూడు!" చూశాను. చూడక తప్పలేదు.

"ఆగవే" అన్నాడు బావ.

"బావా, నిజంగ ఎట్ల దిగిండు? నాకియ్యాల్టిదాంక తెల్వదు. నువ్వే చెప్పాలె" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. కాళ్లు ముడుచుకుని సర్దుకున్నాడు. "రాకెట్ మబ్బులల్లకు వచ్చింది. ఆల్లమ్మ బయట నిలవడ్డది. అప్పుడు..." అక్కడ ఆగాడు. నుదురు రుద్దుకున్నాడు. "మర్సిపోయిన్రా. ఆనాడు చెప్పవొయ్యేవరకు మీ పెద్దబాపు నోరు ముయ్యమన్నడు. మల్ల ఎవలు అడగలే."

మళ్లీ ఆయనే అన్నాడు, "చంపినోనివి నువ్వే గద. నువ్వే దించు."

"నేనా?"

"గంత మంచిగ చంపినవ్, దించనీకేమాయె? కూసో."

అక్క కూడా కోపంతోనే గడప మీద కూర్చుంది. నేను మొదలుపెట్టాను. రాకెట్‌ను మబ్బుల్లోంచి తీశాను. "జర మెల్లగ" అన్నాడు బావ. మెల్లగానే తెచ్చాను. గొడుగు విప్పాను, గాలి తగ్గించాను, నేల మీద ఆనించాను. తలుపు తెరుచుకుంది. సోమన్న బయటికి వచ్చాడు, తల్లి ముందు నిలబడ్డాడు. ఇప్పుడు అతను ఏదో మాట అనాలి.

"తప్పయింది. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.

బావ కనుబొమలు ముడిచాడు. "గా మాట సోమన్న ఎందుకంటడురా? ఆడేం తప్పు జేసిండు?"

"సోమన్న అనలే బావా" అన్నాను. "నేనంటున్న."