పచ్చరంగు వేసిన పద్దెనిమిది ఫ్రేములు

పోయిన మంగళవారం నెల్లూరులో ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు పిలిచి నాకు శాలువా కప్పారు. శాలువాకి ముందు పొగిడారు, పొగడ్తకి ముందు కాఫీ ఇచ్చారు. కాఫీ బాగుంది. ఆ కేంద్రం నడిపేవాడు ఒకప్పుడు నా చేతికింద పనిచేసినవాడే. కంప్యూటర్లో ఇనప షెడ్లు గీయడం నేర్చుకునే ముప్పైమంది పిల్లల ముందు నన్ను నిలబెట్టి, మీరు నేర్చుకుంటున్న 'పెద్దాయన పద్ధతి'లో పెద్దాయన ఈయనేనని పరిచయం చేశాడు. ఇక నన్ను ఆపేదెవరు? ముత్తుకూరు దగ్గర పోర్టు గోడౌనులు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజుల్లో, ముప్పైరెండు ఫ్రేముల షెడ్డుని ఒక్క పూటలో, అన్నానికి కూడా లేవకుండా తెర మీద నిలబెట్టానని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజానికి ఆ షెడ్డులో ఫ్రేములు పద్దెనిమిది. పట్టింది రెండు రోజులు. రెండు రోజులూ వేళకి అన్నం తిన్నాను, రెండోనాడు చేపల పులుసుతో. ఇలాంటివి కొంచెం పెంచి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే, దానివల్ల ఎవరికీ నష్టం లేదని అనుకునేవాణ్ణి.

బయల్దేరే ముందు, జ్ఞాపకంగా ఉంచుకోండి సార్ అని ఒక నమూనా డ్రాయింగు చుట్టి ఇచ్చారు. వరండాలో నిలబడి విప్పి చూశాను. ఏ డ్రాయింగుకైనా కుడివైపు కింది మూలలో కొన్ని గళ్ళుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, తేదీ. గీసినవారి గడిలో ఎవరో విద్యార్థిని పేరుంది. సరిచూసినవారి గడిలో రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలున్నాయి. అవి మా తోడల్లుడివి. ఆయన ఈ పని వదిలేసి పదహారేళ్ళయింది. అప్పట్లో మా ఆఫీసులో తయారైన ఖాళీ షీటు ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి ఎక్కుతూ వచ్చింది, ఆ గడి తుడవాలని ఎవరికీ తోచలేదు. పక్కనున్న అమ్మాయిని ఇవేమిటని అడిగితే, అవి ఎప్పుడూ ఉంటాయి సార్, ఏదో కోడు అంది.

కోడు కాదు. చెప్పేస్తాను. పెద్దాయన పద్ధతి ఈ పెద్దాయనది కాదు, ఆ రెండక్షరాలాయనది. ఆయన ఉద్యోగం పోయింది నావల్ల. ఈ రెండు సంగతులూ మంగళవారం దాకా నేను నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు.

తోడల్లుడంటే నా భార్య చెల్లెలి భర్త, మా వైపు షడ్డకుడంటారు. నాకంటే ఏడేళ్ళు చిన్న. మనిషి మాట్లాడడు. మాట్లాడితే ఎదుటివాడి ముఖం చూడడు, చేతిలో ఏముంటే దాన్ని చూస్తాడు. సంగం ఊళ్ళో మామగారింట్లో భోజనాలకి కూర్చుంటే నేను మాట్లాడేవాణ్ణి, ఆయన తినేవాడు. ఇనప యార్డులో మార్కింగు పని ఆయనది. కోయవలసిన దూలాల మీద, రంధ్రాలు పడవలసిన పలకల మీద సుద్దతో గీతలు గీసి గుర్తులు పెట్టడం. పద్దెనిమిదేళ్ళు అదే చేశాడు. డ్రాయింగాఫీసులో ఉద్యోగం నేనే ఇప్పించానని బంధువులందరికీ చెప్పాను. అబద్ధం. ఆయన గుర్తులు పెట్టిన ఇనుము తప్పు పోవడం లేదని విని మా యజమానే పిలిపించుకున్నాడు. నేను చేసిందల్లా కుర్చీ చూపించడం.

ముత్తుకూరులో ఒక ఎరువుల దుకాణం పైన మా ఆఫీసు. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ఏసీ. ఎండాకాలం ఏసీ గాలి ఎవరి మీద పడాలన్నదే పెద్ద తగువు. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. కాగితం మీద గీతలు కాకుండా, షెడ్డు మొత్తాన్ని స్తంభాలతో, దూలాలతో, బోల్టులతో సహా తెర మీద బొమ్మలా కట్టవచ్చు. కట్టాక డ్రాయింగులు అదే గీసిపెడుతుంది. మేమేం చేసేవాళ్ళం? ఒక్కో స్తంభాన్నీ విడివిడిగా నిలబెట్టి, ఒక్కోదానికీ విడివిడిగా పలకలూ బోల్టులూ తగిలించేవాళ్ళం. షెడ్డుకి పదిహేను రోజులు పట్టేది. మా తోడల్లుడు రెండు వేళ్ళతో కీబోర్డు వెతుక్కుంటూ, వారం రోజులు మమ్మల్ని చూస్తూ కూర్చున్నాడు. ఒకనాడు టీ తాగుతుంటే గ్లాసు వైపు చూస్తూ అన్నాడు.

"అన్నా, యార్డులో మేం పద్దెనిమిది ఫ్రేములు చెయ్యాలంటే పద్దెనిమిది తూర్లు కొలతలు పెట్టం. ఒకదాన్ని సుబ్బరంగా చేసి నేల మీద పరిచి, చుట్టూ అడ్డాలు వెల్డింగు పెడతాం. మిగతాయన్నీ దాంట్లోనే పడుకుంటాయి. ఈడ మాత్రం ఇంత కష్టం దేనికి?"

నేను నవ్వాను. యార్డు వేరు, కంప్యూటరు వేరు అన్నాను. మర్నాడు పొద్దున ఆయన కంటే ముందే వచ్చి అలా చేసి చూశాను. మూడోనాడు యజమానికి చూపించాను, నాకు తోచిన ఉపాయమని.

పద్ధతి చెప్పడానికి తేలిక. రెండు స్తంభాలు, వాటి మీద వాలుదూలాలు కలిస్తే ఒక ఫ్రేము. ముందు ఒక్క ఫ్రేము కట్టాలి. కింద పలక, పైన కీలు, ప్రతి రంధ్రం, ప్రతి బోల్టు దానికే పూర్తి చెయ్యాలి, తర్వాత చూద్దామని ఏదీ వదలకూడదు. అది పూర్తయ్యాకే మిగతా చోట్లకి నకళ్ళు వెయ్యాలి. ఆ తర్వాత, నకలుకి లొంగని ఫ్రేముల్ని వేరుగా పట్టుకుని మార్చాలి. అవి చివరివీ, గాలికి షెడ్డు ఊగకుండా ఏటవాలు కడ్డీలు బిగించే జతలూ. ఆ జతల్లో పలకలు ఒకదాన్నొకటి చూడాలి, వాటి మధ్యనే కడ్డీ బిగుస్తుంది. సముద్రం పక్కన కట్టే షెడ్డుకి ఆ కడ్డీలే ప్రాణం. ఇక చివరి మెట్టు మా తోడల్లుడిది. యార్డులో ఒక మనిషి చుట్టూ తిరిగి చూసి సుద్దగీత పెట్టందే ఏ ముక్కా లారీ ఎక్కదట. అందుకని తెర మీద కూడా, తాను నేల మీద నడుస్తున్నట్టు, ఫ్రేము తర్వాత ఫ్రేము చూసుకుంటూ పోయేవాడు. చూసినదానికల్లా పచ్చరంగు వేసేవాడు. ఒక పూట పట్టేది. అన్నీ పచ్చబడ్డాకే డ్రాయింగులు తియ్యనిచ్చేవాడు. ప్రతిదీ ఆయనే సరిచూస్తాడు కాబట్టి, ఖాళీ షీటులోనే ఆ గడిలో ఆయన అక్షరాలు ముందుగా కొట్టి ఉంచాం. వేళ్ళకి పని తగ్గుతుందని. ఆ ఉపాయం మాత్రం నిజంగా నాదే.

పదిహేను రోజుల పని నాలుగు రోజులకి దిగింది. యజమాని దానికి పెద్దాయన పద్ధతని పేరు పెట్టి, వచ్చిన ప్రతి కాంట్రాక్టరుకీ నన్ను చూపించేవాడు. మా తోడల్లుడు వింటూ ఉండేవాడు. ఆయనకి ఇలాంటి వాటిమీద ఆశ లేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎదుటివాడికి ఆశ లేదనుకోవడంలో ఎంత సుఖముందో చెప్పలేను.

పద్దెనిమిది ఫ్రేముల షెడ్డు వచ్చినప్పుడు సంగంలో నాట్లు. మామగారికి మనుషులు దొరక్క, మా తోడల్లుడు నాలుగు రోజులు వెళ్ళాడు. యజమాని చెన్నైలో ఉన్నాడు కాబట్టి సెలవు సంగతి నాకే చెప్పి వెళ్ళాడు. నేను వచ్చినాకనే పంపన్నా, అన్నాడు. నేనేమో నాలుగు రోజుల పని రెండు రోజుల్లో తేలుస్తానని యజమానికి ఫోనులో మాటిచ్చి ఉన్నాను. ఒక ఫ్రేము కట్టాను, పద్దెనిమిది చేశాను. కడ్డీలు పడే జతల్లో రెండో ఫ్రేముని ఎదురు తిప్పాలి. తిప్పలేదు, మరిచిపోయాను. మరిచిపోవడం తప్పు కాదు, దానికోసమే ఆ నడక ఉంది. కానీ నడవాలంటే ఒక పూట కావాలి. మౌసుతో పద్దెనిమిదింటినీ ఒక్కసారే పట్టుకున్నాను, ఒక్క నొక్కు నొక్కాను. తెర అంతా పచ్చగా, అప్పుడే నాటిన మడిలా కళకళలాడింది. చూసి మురిశాను కూడా. ఆ రోజు తేదీతో, ఆయన అక్షరాలతో డ్రాయింగులు యార్డుకి వెళ్ళిపోయాయి.

రెండు నెలలకి స్తంభాలు నిలబడ్డాయి. కడ్డీలు బిగించబోతే ఒకవైపు పలక లేదు. ఎదురెదురుగా చూసుకోవలసిన స్తంభాలు రెండూ సముద్రం వైపే చూస్తున్నాయి. అలాంటి జతలు ఆరు. పైకి నిచ్చెనలేసి, ఆ గాలిలో, పాత పలకలు కోసి కొత్తవి అతికారు. కాంట్రాక్టరు మండిపడ్డాడు. దీన్ని సరిచూసిన మనిషి ఇకముందు తన పని ముట్టుకుంటే మొత్తం పనే వెనక్కి తీసుకుంటానన్నాడు.

యజమాని అందర్నీ కూర్చోబెట్టి, డ్రాయింగు బల్ల మీద పరిచి, ఆ గడి మీద వేలు పెట్టాడు. ఇది నీదేనా అని మా తోడల్లుణ్ణి అడిగాడు. ఆయన చాలాసేపు షీటు చూశాడు. నేను గొంతు పట్టేసిందని రాసుకోవచ్చు, చదివేవాళ్ళకి బాగుంటుంది. ఏమీ పట్టెయ్యలేదు. మంచినీళ్ళు కూడా తాగాను. ఆయన ఇంగ్లీషు మెల్లగా చదువుతాడు, తేదీ దాకా చూపు వెళ్ళకూడదని మాత్రం కోరుకున్నాను. వెళ్ళలేదనే అనుకున్నాను. ఎందుకంటే, "రేపటి నించి నేను రాన్లే సార్" అని లేచాడు. అంతే. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. నా మీదకి ఏసీ గాలి వస్తోంది.

ఆయన మళ్ళీ డ్రాయింగాఫీసు గడప తొక్కలేదు. అడిగిన చోటల్లా ఆ షెడ్డు సంగతి ముందే చేరింది. కోవూరులో చిన్న దుకాణం పెట్టుకుని కిటికీ గ్రిల్సు, గేట్లు చేస్తూ వచ్చాడు. గోడౌనులు నిలబెట్టగలిగిన మనిషి. నేను మరో ఎనిమిదేళ్ళు పెద్దాయనగానే ఉండి, దండ వేయించుకుని రిటైరయ్యాను.

మంగళవారం వరండాలోంచి నేరుగా బస్సెక్కి, పెన్న దాటి కోవూరులో దిగాను. శాలువా తీసి సంచిలో పెట్టడం కూడా తోచలేదు. ఆయన దుకాణం ముందు గొంతుక్కూర్చుని, ఎవరింటి గేటుకో కొలతలు పెడుతున్నాడు. కళ్ళు వెల్డింగు వెలుగుకి ఎర్రబడి ఉన్నాయి. డ్రాయింగు చూపించాను. చెప్పడం మొదలుపెట్టాను. చెబుతూ చెబుతూ, ఎన్ని రాత్రులు నిద్రపోలేదో కూడా కలిపాను. నిజానికి బాగానే నిద్రపోయాను. సగంలోనే ఆయన ఆపాడు.

"తెలుసన్నా. ఆ తేదీన నేను సంగంలో నారు మోస్తుండా. గట్టు మీద మామ ఉండాడు. నాకు తెలవకుండా ఎట్ట ఉంటాది?"

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన టేపు చుట్టాడు, సుద్దతో ఒక గీత పెట్టాడు, ఆ గీతతోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"గొడవైన నాడే షీటు మీద తేదీ చూసినా, మీటింగులో చెప్పాలనే వచ్చేదానికి రెడీ అయినా. మామ ఆపినాడు. పెద్దాయనకి యాభై దాటినాయి, నోరు తప్ప ఇంకేం లేదు, ఆ ఆఫీసు పోతే ఇంకెవురూ పిలవరు. నీకు చేతులుండాయి, నువ్వు యాడన్నా బతకతావు, అన్నాడు. సరే అన్నా."

ఇంకెవరికి తెలుసన్నాను.

"ఇంట్లో అందరికీ తెలుసు. వదినకి గూడా."

వదినంటే నా భార్య. శాలువా తీసి సంచిలో పెట్టాను. చివరికి, నా మీద కోపం లేదా అని అడిగాను. లేదంటాడని అడిగానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

"ఉండాది," అన్నాడు. ముఖానికి వెల్డింగు డాలు అడ్డం పెట్టుకుని, "వెలుగు చూడబాక, అటు తిరుగు," అన్నాడు.

తిరిగాను. వీపు వెనక చాలాసేపు చిటపటలు వినిపించాయి. ఆపుతాడేమోనని నిలబడ్డాను. ఆపలేదు. బస్టాండు వైపు నడిచాను.

మామగారు పోయి ఆరేళ్ళయింది. ఆ షెడ్డు కథని ఆయన వసారాలో, ఆయన ఎదురుగానే, వెళ్ళిన ప్రతిసారీ ఒక ఫ్రేము పెంచి చెప్పేవాణ్ణి. ఆయన తమలపాకు ఈనె తీస్తూ, "అట్నా, మంచిది," అనేవాడు. నా భార్య ఏదో పొయ్యి మీద పెట్టి వచ్చినదానిలా లేచి లోపలికి వెళ్ళేది. అది నాకు గౌరవంగానే కనిపించింది. నేను బతికాననుకున్న పదహారేళ్ళు ఒకటి, వాళ్ళు నాతో వేగిన పదహారేళ్ళు వేరొకటి. ఆ రెండోవి ఎలా గడిచాయో చెప్పడానికి మామగారు లేరు, భార్యని అడగడానికి ఈ వారం రోజులుగా నాకు ధైర్యం చాలడం లేదు, అరవై తొమ్మిదో ఏట ఇంకా ఎన్ని వారాలు వాయిదా వెయ్యగలనో నాకు తెలియదు.