నాన్న మేడకేసి చూసిన వేసవి

మా నాన్న ఆట మధ్యలో మేడకేసి చూస్తాడన్న సంగతి మొదట కనిపెట్టింది నేను కాదు, పక్కింటి అత్త. ఆ వేసవంతా నేను ఒక్క మ్యాచూ వదల్లేదు. ఎవరి సర్వీసు ఎటు పడుతుందో, ఎవరికి ఎడమ వైపు బంతి అందదో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కన్నతండ్రి ఎటు చూస్తున్నాడో మాత్రం నా కంట పడలేదు.

డెబ్బైల చివరి మాట ఇది. విశాఖపట్నం రేవులో పనిచేసేవాళ్ల క్వార్టర్సులో ఉండేవాళ్లం. మూడు వైపులా గోదాముల గోడలు, నాలుగో వైపు మా మూడంతస్తుల బ్లాకు, మధ్యలో సున్నంతో గీసిన బాల్ బ్యాడ్మింటన్ కోర్టు. నిమ్మకాయంత పసుపు ఉన్ని బంతి, జట్టుకి అయిదుగురు, బంతి నేలని తాకితే పాయింటు పోయినట్టే. ఏటా మే నెలలో రేవులో ఒక్కో సెక్షనుకి ఒక జట్టు చొప్పున పోటీలు జరిగేవి. నాలుగయ్యేసరికి కోర్టుకి నీళ్లు చల్లేవాళ్లు. అయిదుకల్లా మెట్లమీద, పిట్టగోడలమీద, సైకిలు క్యారేజీలమీద జనం. ఆడవాళ్లు మేడెక్కి శనక్కాయలు ఒలుచుకుంటూ, ఆటగాళ్లకి అక్కణ్ణించే సలహాలిచ్చేవారు. నేను ఇంటరు పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉంటే నాకు ప్రతిదానిమీదా ఆరాలే.

నాన్న క్రేను డ్రైవరు. జట్టులో వెనక చివర ఆడేవాడు. నలభై ఆరేళ్లు, కుడి మోకాలు నొప్పి. పరిగెత్తలేడు. అయినా బంతి ఎక్కడ దిగుతుందో అక్కడికి ముందే నడుచుకుంటూ వెళ్లి నిలబడేవాడు. కుర్రాళ్లు ఉరికి ఉరికి బంతిని పోగొట్టుకుంటుంటే, ఈయన సంతలో కూరలు ఏరుకునే మనిషిలా నిదానంగా వెళ్లి కొట్టేవాడు. అదెలా సాధ్యమో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అడిగితే నవ్వేసేవాడు.

ఆ ఏడు పోటీలు మొదలయ్యే ముందు జట్టు కెప్టెను మా ఇంటికొచ్చాడు. నాన్నతో పాటే క్రేనుమీద పనిచేసే మనిషి, నాన్నకంటే పదేళ్లు చిన్న. టీ గ్లాసు కింద పెట్టి, నేలకేసి చూస్తూ అన్నాడు.

"బావ, ఈ ఏడు కప్పు రాలేదనుకో, వచ్చే ఏడు నీ సోట్లో మన స్టోర్సు కుర్రోణ్ణి పెడదావని అందరూ అంతన్నారు. ఏటనుకోకు."

"అనుకోడానికేటుంది," అన్నాడు నాన్న.

ఆ పూట నాన్న అన్నం తినలేదు. పదిహేడేళ్లుగా ఆడుతున్న కోర్టు అది. ఆట లేకపోతే ఈయన సాయంత్రాలు ఏం చేస్తాడా అని నాకు నిజంగా భయం వేసింది.

రెండో మ్యాచు అయిన మర్నాడు పక్కింటి అత్త నీళ్లకుండీ దగ్గర అమ్మని పట్టుకుంది. ఈవిడది పరవాడ దగ్గర పల్లె. ఏది చూసినా ఊరంతటికీ వినిపించేలా చెప్పే అలవాటు.

"ఒదినా, మీ ఆయన బంతి కొట్టేముందు మేడ మీదకి సూత్తన్నాడు. ఎవుల్నేటి?"

"నన్నే అయ్యుంతాది," అంది అమ్మ.

"నువ్వు కింద మెట్లమీద కూకున్నావు కదే."

అక్కడున్న ఆడవాళ్లంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది గానీ బిందె నిండకుండానే తీసుకుని ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం నేను చూశాను. నిజమే. ఎదురు వైపు ఆడేటప్పుడు గెడ్డం పైకెత్తి చూస్తున్నాడు. కోర్టు మారి వీపు మా బ్లాకు వైపు ఉన్నప్పుడు మెడ పూర్తిగా వెనక్కి తిప్పి మరీ చూస్తున్నాడు.

ఇక నాకు నిద్రపట్టలేదు. మా బ్లాకుకి మూడు మేడలు, మూడు మెట్లదారులు. ఒక్కో మ్యాచుకి ఒక్కో మేడమీద కూర్చున్నాను. మొదటిదానిమీద వడియాలకి కాపలా కూర్చున్న ముసలామె. రెండోదానిమీద పసిపిల్లల తల్లులు. మూడోదానిమీద, కొత్తగా పెళ్లయి వచ్చిన ఒకావిడ ఉండేది. ఈవిడే అని గట్టిగా అనుకుని ఒకరోజంతా ఆవిణ్ణి అనుమానంగా చూశాను. పాపం, ఆవిడ నాకు మామిడికాయ ముక్క కూడా ఇచ్చింది. ఆ మర్నాడు ఆవిడ పుట్టింటికెళ్లింది, నాన్న చూపు మాత్రం ఆగలేదు. ఒక సాయంత్రం చర్చిలో ప్రత్యేక కూటాలకని మా వాళ్లు సగంమంది, సింహాచలం కొండకని మిగతా సగంమంది వెళ్లడంతో మేడలు మూడూ ఖాళీ. అప్పుడూ చూశాడు. మనుషులే లేని మేడమీద ఆయనకి ఏం కనిపిస్తోంది?

ఇంట్లో అడగలేకపోయాను. అమ్మ అప్పటికే పళ్లేలు గట్టిగా పెడుతోంది.

ఫైనలు శనివారం వచ్చింది. రేవు పెద్దాఫీసరు కప్పు ఇవ్వడానికి వస్తున్నాడన్నారు. కోర్టు చుట్టూ రంగుకాగితాల తోరణాలు కట్టారు. అమ్మకి ఆ రోజు పొద్దున్నుంచి ఒకటే హడావిడి. ఇంటింటికీ తిరిగి చెప్పింది.

"పెద్దోల్లు వత్తన్నారు. మన లుంగీలూ లంగాలూ ఆల్లకి సూపిద్దావేటి? అన్నీ తీసెయ్యండి. తాళ్లు కూడా."

మా మేడలమీద ఎప్పుడూ బట్టలుండేవి. రేవులో ఇనపఖనిజం గుట్టలు మాకు దగ్గరే. సాయంత్రం ఏదో ఒక వేళకి గాలి అటునుంచి తిరిగిందంటే ఎర్రదుమ్ము వచ్చి పడేది. మంచి బట్టలు ఆడవాళ్లు ముందే తీసేసుకునేవాళ్లు. పనిబట్టలు ఎలాగూ ఎర్రవే కాబట్టి చీకటిపడేదాకా తాళ్లమీదే వేలాడేవి. అమ్మ మాట మీద ఆ రోజు అవన్నీ పోయాయి. మేడలు బోసిగా, శుభ్రంగా ఉన్నాయి. అమ్మ కిందనుంచి చూసి తృప్తిగా తలూపింది.

మొదటి ఆట మొదలైంది. నాన్న పైకి చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాతి బంతికి నాలుగడుగులు అటు నడిచాడు, బంతి ఇటు పడింది. ఆ తర్వాతిదీ అంతే. కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయిన మనిషిలా ఉంది ఆయన మొహం. జనంలో ఎవరో "ముసిలోడైపోనాడు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మొదటి ఆట పోయింది.

కోర్టు మారుతుంటే నాన్న మెడ తిప్పి ఖాళీ మేడలకేసి మరోసారి చూసి తల దించుకున్నాడు. నేను కూడా అటే చూశాను. తాళ్లు లేవు. బట్టలు లేవు. కోర్టు చుట్టూ కాగితాల తోరణాలు కదలకుండా వేలాడుతున్నాయి. చుట్టూ గోడలవడంతో కింద గాలి ఆడదు. బంతి లేచే ఎత్తులో మాత్రం ఆడుతుంది. క్రేను మీదినుంచి చూసే మనిషికి అది తెలుసు. కింద ఉన్నవాళ్లకి చెమటపోస్తున్నా పైన కొక్కేనికి కట్టిన బరువు ఊగుతూనే ఉంటుందని నాన్నే ఎన్నోసార్లు చెప్పాడు. వేసవంతా ఆయన చూసింది లుంగీలని, అవి ఎటు ఎగురుతున్నాయో.

అమ్మ దగ్గరికి పరిగెత్తి చెప్పాను. నా మాట సగంలో ఉండగానే ఆవిడ లేచింది. ఇంట్లోకి వెళ్లింది. ముందుగదిలో తాడుమీద ఆవిడ తెల్లచీర ఆరుతోంది. ఆదివారం చర్చికి కట్టుకునేది. దుమ్ము పడుతుందని దాన్ని ఏనాడూ బయట ఆరేసి ఎరగదు. మిగతావన్నీ మడిచి పెట్టెల్లో ఉన్నాయి. దాన్నే లాక్కుని మెట్లెక్కింది.

మేడమీద కట్టడానికి తాడెక్కడిది? చీర ఒక చివర రెండు చేతులతో పట్టుకుని పిట్టగోడ పక్కన నిలబడి కొంగు గాలికి వదిలేసింది. పెద్దాఫీసరు తలెత్తి చూశాడు. అందరూ చూశారు. పొద్దున ఆయనకి లంగా కనపడకూడదన్న మనిషి ఆవిడే.

"నేను పట్టుకుంటానమ్మా," అన్నాను.

"ఊరుకో. ఆయన్ని సూడు," అంది.

నాన్న మెడ వెనక్కి తిప్పాడు. ఒక క్షణం అలాగే ఉండిపోయాడు. తర్వాత మూడడుగులు ఎడమకి నడిచి, దిగుతున్న బంతికింద నిలబడ్డాడు.

రెండో ఆట మనదే. మూడో ఆట మధ్యలో గాలి ఖనిజం గుట్టల వైపు నుంచి తిరిగింది. చీర ఇటునుంచి అటు ఎగిరింది. ఎర్రదుమ్ము దానిమీద పడటం నాకు కనిపిస్తూనే ఉంది. అమ్మ చేతులు దించలేదు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

నేను ఏడ్చాను. నాన్న కోర్టు పక్కన మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. కెప్టెను వచ్చి పక్కన కూలబడ్డాడు.

"గాలి సూత్తన్నావా బావ, ఇన్నాళ్లూ?"

"ఊఁ."

"మాకొక్క ముక్క సెప్పుంటే ఏటి?"

"సెప్పేత్తే మరి నాతో పనేటుంటది మీకు?" అన్నాడు నాన్న.

కెప్టెను బ్యాటుతో నేలమీద గీతలు గీసి, "కాళ్లు మాకున్నాయిలే. ఆ సూపే నేదు," అన్నాడు. మరుసటి ఏడు మే నెలలో అతనే మ్యాచురోజుల్లో ఇంటింటికీ తిరిగి, బట్టలు తియ్యొద్దమ్మా అని చెప్పేవాడు. నాన్న మరో మూడు వేసవులు వెనకే నిలబడి "ఎడమకి", "ఆగు" అని అరుస్తూ ఆడాడు.

ఆదివారం పొద్దున అమ్మ ఆ చీరే కట్టుకుంది. రెండుసార్లు ఉతికినా కొంగు ఎర్రగానే ఉంది. వేరేది కట్టుకోవే అన్నాడు నాన్న. వినలేదు. మెట్లు దిగుతుంటే పక్కింటి అత్త ఎదురైంది. ఎర్రమరకని పైనుంచి కిందకి చూసింది.

అమ్మ ఆగి, కొంగు ముందుకి లాగి ఆవిడకి పట్టి చూపించింది.

"మా ఆయన ఎవుల్ని సూత్తన్నాడని అడిగేవు కదా. ఇదిగో," అంది.