ఫర్నేసు ఇటుకల అరుగు

మా వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండేవారు. వేళాకోళానికి అనడం లేదు. భిలాయి పక్క రిసాలిలో మాది ఎనిమిది క్వార్టర్ల వీధి, ఎనిమిదిళ్లలోనూ మగవాళ్లవి ఉక్కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు. ఏ రోజు చూసినా కనీసం ఇద్దరు రాత్రంతా పనిచేసి వచ్చి, పట్టపగలు కిటికీలు మూసుకుని పడుకుని ఉండేవారు. అందుకని మిగతావాళ్లం తలుపులు వేసుకుని లోపల కూర్చునేవాళ్లం. రోడ్డు వెడల్పుగా, శుభ్రంగా ఉండేది. దాని మీద మనుషులు మాత్రం ఉండేవారు కాదు. ఊరినుంచి వచ్చిన చుట్టాలు "ఎంత ప్రశాంతంగా ఉందే మీ వీధి" అని మెచ్చుకుని, రెండో రోజుకల్లా తిరుగు టికెట్టు సంగతి అడిగేవారు.

ఆ వీధికి 1974లో తులసమ్మ కాపురానికి వచ్చింది. బొబ్బిలి దగ్గర పల్లెటూరు, అప్పటికి ముప్పయ్యేళ్లుంటాయి. భర్త నరసింగరావు ప్లాంటులో ఇటుకల మేస్త్రీ. ఫర్నేసుల లోపల కాలి అరిగిపోయిన ఇటుకలు పీకేసి కొత్తవి పేర్చడం అతని పని. వాళ్లకీ మాకూ మధ్య ఒకటే గోడ. వాళ్లింట్లో దగ్గితే మా ఇంట్లో మంచినీళ్లు ఇవ్వాలనిపించేది. వీధి మొత్తానికి తెలుగువాళ్లం వాళ్లూ మేమే.

అలాంటప్పుడు నేను వెళ్లి పలకరించాల్సింది. వెళ్లలేదు. మా ఆయన ధర్మారావు గారు రోలింగు మిల్లులో చార్జిమేను. నేడో రేపో ఆఫీసరవుతారని అనుకునేవాళ్లం. ఆ నేడో రేపో పదకొండేళ్లు సాగింది. "మేస్త్రీ పెళ్లాంతో నీకు స్నేహమేమిటి సూర్యావతీ" అన్నారాయన. మొగుడు వద్దన్నాడు కనక వెళ్లలేదని చెప్పుకోవచ్చు. కానీ విజయనగరంలో పీయూసీ చదివానన్న గీర నాకూ తక్కువేం లేదు.

తులసమ్మకి హిందీ ముక్క రాదు. మిగతా ఆరిళ్లలో ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ, ఒకరు మలయాళీ, మిగతావాళ్లు ఛత్తీస్‌గఢీ వాళ్లు. రెండేళ్లపాటు ఆమె మాట్లాడింది ఒక్క మొగుడితోనే. అతను ఇంట్లో ఉన్న వేళల్లో సగం నిద్రలోనే ఉండేవాడు. ఒకరోజు గోడవతలనుంచి వినబడింది.

"నాను ఊరెల్లిపోతాను."

"ఏటైంది?"

"ఏటీ అవనేదు. ఈ ఈదిలో ఏటీ అవదు. మా ఊళ్లో అరుగు మీద కూకుంటే పొద్దెలగ పోయిందో తెలిసీది కాదు. ఇక్కడ పలకరించీ నాదుడు నేడు. ఇలగే ఉంటే మాటలు మర్సిపోతాను."

 "ఈ ఏసంకాలం ఒక్కటీ ఆగు" అన్నాడు నరసింగరావు.

అతనికి తెలిసిన మందు ఒకటే, ఇటుకలు పేర్చడం. ఫర్నేసు మరమ్మతులో తీసిపారేసిన వాటిలోంచి మంచి ముక్కలు ఏరి, గేటు పాసు రాయించుకున్నాడు. గేటు దగ్గర కాపలా మనిషి "ఇస్‌కా క్యా కరేగా", వీటినేం చేస్తావని అడిగితే, "బైఠేగా సాబ్" అన్నాడట. ఇటుకల మీద కూర్చుంటావా అని అతను మళ్లీ అడిగితే, నేను కాదు, మా ఆడమనిషి కూర్చుంటుందని చెప్పాడట. అలా సైకిలు మీద రోజుకు పదేసి చొప్పున మోసుకొచ్చి, మా రెండు క్వార్టర్ల ముందు, రోడ్డుకీ గేట్లకీ మధ్య ఉన్న ఖాళీలో పన్నెండడుగుల అరుగు కట్టాడు. జారబడడానికి వెనక చిన్న గోడ కూడా పెట్టాడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య సూది దూరే సందు లేదు. అంత మంచి కట్టుబడి మా క్వార్టర్లలో ఎక్కడా చూడలేదు.

ఏప్రిలాఖరుకి పని పూర్తయింది. మర్నాడు సాయంత్రం ఆరింటికి తులసమ్మ తలదువ్వుకుని, పువ్వులు పెట్టుకుని బయటికి వచ్చింది. అరుగు మీద కూర్చుంది. వెంటనే లేచింది.

ఫర్నేసు ఇటుక ఉన్నదే వేడికి. ఒకసారి వేడెక్కిందంటే ఓ పట్టాన వదలదు. భిలాయి మొత్తంలో ఈ సంగతి నరసింగరావుకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అరుగు కడుతున్నప్పుడు మాత్రం అతనికి అది తట్టలేదు. రెండు బాల్చీల నీళ్లు పోశాడు. అరుగు వాటిని తాగేసి ఊరుకుంది. భోజనాలయ్యాక వచ్చి చెయ్యి పెట్టి చూసి, చెయ్యి తీసేశాడు.

"దీని మీద అట్లేసుకోవచ్చు" అంది తులసమ్మ. "దీపావలెల్లినాక నన్ను బండెక్కించీ."

వేసవంతా అరుగు ఖాళీగా ఉంది. వానల్లో తడిసింది. నేను కిటికీలోంచి చూసి, పాపం అనుకుని, పనిలో పడేదాన్ని. దీపావళి వెళ్లింది. నరసింగరావు సెలవు దొరకలేదని రెండు వారాలు, రైల్లో చోటు లేదని మరో రెండు వారాలు నెట్టుకొచ్చాడు. అంతలో చలి ముదిరింది.

డిసెంబరులో పొద్దు వాలాక భిలాయి వీధుల్లో నిలబడితే పళ్లు కొట్టుకుంటాయి. ఆ వేళప్పుడు ఎదురింటి సుఖ్‌బతీ, మోకాళ్ల నొప్పులావిడ, అరుగు పక్కనుంచి నడుస్తూ ఎందుకో చెయ్యి ఆనించింది. ఆగిపోయింది. కూర్చుంది. గంటసేపు లేవలేదు. మర్నాడు బెంగాలీ వాళ్ల మీరా బౌదీ, అంటే మీరా వదిన, స్వెట్టరు అల్లిక పట్టుకుని వచ్చింది. మూడోనాటికి పంజాబీ బచన్ కౌర్ కూడా వచ్చింది. తులసమ్మ అరుగు కట్టించిన యజమానురాలు కనక మధ్యలో కూర్చుంది. పగలు ఎండపొడకి వీపులు కాగేవి, సాయంత్రం ఇటుకల వెచ్చదనం ఉండేది. వారం తిరక్కుండా బఠాణీలు ఒలుచుకోవడం, బియ్యం ఏరుకోవడం, తలలు దువ్వుకోవడం అన్నీ అక్కడే.

ఎనిమిదో రోజున మా ఆయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నారు. అరుగు మా పడగ్గది కిటికీకి నాలుగు బారల దూరం. కిటికీ తెరిచి ఒకే ఒక్క కేక వేశారు. అందరూ నోళ్లు మూసుకున్నారు. లేచి మాత్రం వెళ్లలేదు. ఆ రోజునుంచి పగటిపూట ఆ అరుగు మీద ఎవరూ పెదవి విప్పి మాట్లాడలేదు. ఎవరి వరండాలోనైనా సైకిలుందంటే ఆ ఇంటి మగవాడు నిద్రలో ఉన్నట్టు. ఏదో ఒక వరండాలో సైకిలు లేని పగలంటూ లేదు.

ఇదే తులసమ్మకి కలిసొచ్చింది. మాటలుంటే ఆమె ఒక్కతే మూగది. మాటల్లేవు కనక అందరూ సమానం అయ్యారు. సైగలు పుట్టాయి. మీసం మెలేస్తే మొగుడు. ఒక వేలు, రెండు వేళ్లు, మూడు వేళ్లు చూపిస్తే షిఫ్టులు. ముక్కు పట్టుకుంటే అత్తగారు. అది ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు గాని అందరికీ అర్థమయ్యేది. ఒకసారి మేక బంతిమొక్కలు తినేసిన విషయమై మీరా బౌదీకీ బచన్ కౌర్‌కీ దెబ్బలాట వచ్చింది. చేతులు తిప్పుకుంటూ, కళ్లెర్రజేసుకుంటూ అరగంట తిట్టుకున్నారు. తులసమ్మ ఇద్దరి మధ్యా కూర్చుని తీర్పు కూడా చెప్పింది. వీధిలో ఎవరికీ మెలకువ రాలేదు. నేను కిటికీ వెనక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నా బఠాణీలు నేను ఒక్కదాన్నే ఒలుచుకుంటున్నాను.

మనుషులున్నచోటికి బేరగాళ్లు వస్తారు. కూరగాయల బండి, గాజులవాడు, కత్తులకు సాన పట్టేవాడు, అందరూ మా వీధి మరిగారు. పొద్దెక్కాక వచ్చేవాళ్లు కేకలు వెయ్యకూడదని తులసమ్మే నేర్పింది. బండి వీధిలోకి తిరగ్గానే లేచి నిలబడేది. ఆమె లేచిందంటే బండివాడి నోరు పడిపోయేది. కొనేవాళ్లు ఎదురుగానే ఉండగా కేకెందుకు? పిల్లల గోలీలాట వీధి చివరికి తరిమింది. సాయంత్రం పడుకున్న మగవాళ్లందరూ లేచాక మాత్రం ఆ అరుగు మీద ఆడా మగా చేరి మాట్లాడుకుంటుంటే సంతలా ఉండేది. తులసమ్మ హిందీ కూడా అప్పుడే నేర్చుకుంది. ఆమె హిందీలో మగవాళ్లందరూ ఆడవాళ్లే. ఎవరూ దిద్దలేదు. వేసవిలో అరుగు కాలినా, దాని పక్కనే గోడ నీడలో చాపలు పరుచుకున్నారు గాని చేరడం మానలేదు. చూసి చూసి పక్క రెండు వీధులవాళ్లు కూడా రేకు బల్లలు, నులకమంచాలు బయట వేసుకున్నారు. ఆరేళ్లలో ఊరెళ్లే మాట ఆమె నోట నేను వినలేదు.

1983 జనవరిలో మా ఆయనకి ప్రమోషను ఇంటర్వ్యూ. పైఆఫీసరు ఒకాయన మా ఇంటికి టీకి వస్తానన్నారు. అరుగు మీద ఆరుగురు ఆడవాళ్లు కాళ్లు చాపుకుని, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటున్న దృశ్యం ఆయన కారు దిగుతూ చూస్తారని మా వారి బెంగ. క్వార్టర్ల ఆఫీసుకి ఇంగ్లీషులో అర్జీ పెట్టారు. అనధికార కట్టడం, పద్ధతిగా కట్టిన కాలనీకి తగని పల్లెటూరి అలవాటు, అలాంటివన్నీ. ఆయన చెప్పారు, నేను రాశాను. మా ఇంట్లో దస్తూరీ బాగుండేది నాదే. ఒక్క కొట్టివేత లేకుండా గుండ్రంగా రాశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారానికి నోటీసు వచ్చింది. ఎనిమిదిళ్లవాళ్లకూ అభ్యంతరం లేకపోతే సరే, ఉంటే పదిహేను రోజుల్లో అరుగు తీసెయ్యాలి, ఈలోగా దాని మీద ఎవరూ కూర్చోకూడదు అని. ఆడవాళ్లు కాగితానికి భయపడి లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మళ్లీ గోడవతలనుంచి వినబడింది. "అరుగు తీసిన రోజున నాను ఎల్లిపోతాను. ఈసారి ఏసంకాలం ఆగు, సీతాకాలం ఆగు అనకు" అంది తులసమ్మ.

"అననే" అన్నాడు నరసింగరావు. "నాను కట్టింది నానే ఇప్పుతాను. మరొకడు దాని మీద గునపం ఎయ్యకూడదు." మర్నాడు గడువు రోజుకి సెలవు పెట్టి, ఉలీ సుత్తీ ఇంటికి తెచ్చుకున్నాడు. బొబ్బిలికి ఒక్క టికెట్టు కొన్నాడు.

ఆ వారమే మా ఆయనకి రాత్రి డ్యూటీ. మొదటిరోజు పదింటికి కూరగాయల బండి వీధిలోకి తిరిగింది. అరుగు మీద ఎవరూ లేరు. లోపలున్నవాళ్లకి వినబడాలి కదా, బండివాడు ఆరేళ్లుగా దాచుకున్న గొంతంతా పెట్టి అరిచాడు. వెనకే గాజులవాడు. ఆ వెనక సానవాడు, వాడి చక్రం చప్పుడు. గోలీలాట తిరిగి మా గేటు ముందుకే వచ్చింది. మా ఆయన దిండు చెవులకి చుట్టుకున్నారు. రెండో రోజు నన్ను కసిరారు. మూడో రాత్రి డ్యూటీలో కుర్చీలోంచి జారి కిందపడ్డారట. నాలుగోనాడు పదకొండింటికి, లుంగీ మీద, కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని వీధిలోకే వెళ్లిపోయారు. తులసమ్మ తన గుమ్మంలో నిలబడి ఉంది. ఎనిమిదేళ్లలో ఆయన ఆమెతో మాట్లాడడం అదే మొదలు.

"ఏమిటమ్మా ఈ గోల? ఇన్నాళ్లూ లేదే?"

"ఇన్నాళ్లూ మేం కాపలా కాసినాం బాబూ" అంది తులసమ్మ. ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. "తమరు పడుకున్నారని ఆరేళ్లు నోరిప్పకండా కూకున్నాం. వొచ్చినోళ్లని నోరిప్పనీనేదు. ఇప్పుడు కూకోవొద్దని కాయితం ఒచ్చింది కదా. మరెవులు కాస్తారు?"

 ఆయన లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నారు, పడుకోలేదు. ఆ వీధి నిశ్శబ్దం కాలనీ కట్టినవాళ్ల గొప్పతనమని అంతవరకూ ఆయన నమ్మకం. సాయంత్రం "కాగితం తే" అన్నారు. ఎందుకని అడక్కుండా తెచ్చాను. సదరు కట్టడం షిఫ్టు ఉద్యోగుల విశ్రాంతికి మిక్కిలి దోహదం చేయుచున్నది కనుక మా అభ్యంతరము వెనక్కి తీసుకొంటిమి అని ఇంగ్లీషులో చెప్పారు. రాశాను. మర్నాడే ఆఫీసులో ఇచ్చి వచ్చారు. టీకి వచ్చే పైఆఫీసరు ఏం చూస్తారన్న బెంగ మళ్లీ ఎత్తలేదు. రెండో రోజు నోటీసు రద్దయింది. నరసింగరావు సెలవు వద్దని, టికెట్టు వాపసిచ్చి, డ్యూటీకి వెళ్లాడు. ఉలీ సుత్తీ కూడా పట్టుకెళ్లాడు.

ఆ మర్నాడు పదింటికి, మా ఆయన పడుకున్నాక, నేను బఠాణీల చేట పట్టుకుని బయటికి వెళ్లాను. అరుగు మీద ఆరుగురున్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. జరిగి తులసమ్మ పక్కన చోటిచ్చారు. ఎనిమిదేళ్లు ఒకే గోడకి అటూ ఇటూ బతికినవాళ్లం, పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి. రాత్రంతా కూడగట్టుకున్న మాట ఉంది నా దగ్గర.

"అక్కా, ఆ అర్జీ రాసింది నేనే. దస్తూరీ నాది" అన్నాను.

తులసమ్మ నా వైపు తిరిగింది. ఈ వీధిలో ఒక ఆడదాని నోట తెలుగుమాట కోసం ఎనిమిదేళ్లు చూసిన మనిషి. వేలు పెదవుల మీద పెట్టుకుంది. మా కిటికీ వైపు చూపించి, చెంప కింద చెయ్యి ఆనించి, బాబు పడుకున్నారని సైగ చేసింది. తర్వాత నా చేటలోంచి సగం బఠాణీలు తన ఒళ్లో పోసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. ఆ అరుగు మీద గట్టిగా ఏడవడానికి వీల్లేదు కనక, చప్పుడు కాకుండా ఏడ్చాను.